బోర్డు మీద లెక్క, గుమ్మం దగ్గర పిల్లాడు

ఈ బొమ్మ మీరూ చూసే ఉంటారు. పల్లెటూరి బడి, పెద్ద నల్లబల్ల, దాని మీద సుద్దతో రాసిన బారెడు లెక్క. దాని ముందు నాటు చొక్కాలు, చెట్టు నారతో అల్లిన చెప్పులు వేసుకున్న పది పన్నెండు మంది మగపిల్లలు గుంపుగా నిలబడి ఉంటారు, ఒకడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఒకడు శూన్యంలోకి చూస్తూ, ఎవడి గోలలో వాడు. వాళ్ల మధ్య కుర్చీలో నల్లకోటు, బో టై పెట్టుకున్న గడ్డం మాస్టారు. ఒక కుర్రాడు ఆయన చెవిలో జవాబు చెప్తున్నాడు, మిగతావాళ్లకి వినపడకుండా.

ఇది ఏడాదికి రెండుమూడుసార్లు ఏదో ఒక వాట్సాప్ గ్రూపులోకి వచ్చి పడుతుంది. కింద ఎప్పుడూ ఒకటే పాట: ఆ రోజుల్లో పల్లెటూరి పిల్లలు ఈ లెక్క నోటితో చేసేసేవాళ్లు, ఇప్పటి పిల్లలకి కాలిక్యులేటర్ లేకపోతే ఏడూ ఎనిమిదీ కూడటం రాదు. ఈసారి పంపింది మా చినమామయ్య. పంపి ఊరుకోకుండా "ఏం తల్లీ, నువ్వు చెయ్యగలవా?" అని మా మేనకోడల్ని ట్యాగ్ చేశాడు. అది తొమ్మిదో క్లాసు. దానికి రోషం జాస్తి.

బోర్డు మీద ఉన్నది ఇది: 10² + 11² + 12² + 13² + 14². మొత్తాన్ని 365తో భాగించాలి. కాగితం, పెన్ను లేకుండా.

కిందికి వెళ్లేముందు ఒక్క నిమిషం మీరూ ప్రయత్నించండి, ఎవరూ చూడట్లేదు.

మామూలుగా అందరం చేసేది వరసగా కూడుకుంటూ పోవడమే. వంద, నూట ఇరవై ఒకటి, నూట నలభై నాలుగు... ఈ మూడూ కలిపేసరికి 365 వస్తుంది. అక్కడ ఆగి చూసినవాడికి సగం లెక్క అయిపోయినట్టే, ఎందుకంటే కింద ఉన్నదీ 365 కదా, ఒకటి వచ్చేసింది. ఇక మిగిలినవి 169, 196. అవీ కలిపితే 365. ఇంకో ఒకటి. జవాబు 2. మా మేనకోడలు ఇలా చెయ్యలేదు. మధ్యలో ఉన్న 12ని పట్టుకుంది. "అత్తా, అన్నీ పన్నెండు చుట్టూనే ఉన్నాయి కదా, ఐదు 144లు 720, పక్కవాళ్లకి ఒకటి ఒకటి, చివరివాళ్లకి నాలుగు నాలుగు, మొత్తం పది, 730" అంది. నాకు అర్థం కావడానికి దాన్ని రెండోసారి చెప్పమనాల్సి వచ్చింది. తర్వాత గ్రూపులో "2" అని ఒక్క అంకె పెట్టి వదిలేసింది. చినమామయ్య బొటనవేలు బొమ్మ పెట్టాడు, ఇప్పటి పిల్లల గురించి మాత్రం ఇంకేం మాట్లాడలేదు.

సరే, లెక్క సంగతి అలా ఉంచితే, నన్ను ఎప్పట్నుంచో తొలిచేది ఆ బొమ్మ కింద రాసే ఆ పాట. పాత బడి బొమ్మ కనపడగానే మనందరికీ ఒకటే జబ్బు, "ఆ రోజులే వేరు" అనేస్తాం. అసలు ఆ రోజులు ఎవరివి, ఆ గదిలో ఉన్నది ఎవరు, లేనిది ఎవరు అని చూడం. ఈ బొమ్మని కొంచెం ఓపిగ్గా చూస్తే అది మనం అనుకునే మాట చెప్పట్లేదని నాకనిపిస్తుంది.

వేసినాయన నికొలాయ్ బొగ్దానోవ్-బేల్‌స్కీ, రష్యన్. 1895లో వేశాడు, ఇప్పుడు మాస్కోలో త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. దీన్ని అందరూ 'నోటి లెక్కలు' అనే అంటారు గానీ పూర్తి పేరు ఇంకొంచెం పొడుగు, 'నోటి లెక్కలు, ఎస్. ఎ. రచీన్‌స్కీ గారి ప్రజా పాఠశాలలో' అని. అంటే ఇది ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక బడి కాదు. ఫలానా మాస్టారు, ఫలానా ఊరు. అప్పటి స్మొలెన్స్క్ ప్రాంతంలో తాతెవో అనే పల్లె. పేరుతో సహా చెప్పిన బొమ్మని మనం పేరు పీకేసి "పాతకాలపు చదువులు" అని ఫార్వర్డ్ చేసుకుంటున్నాం.

ఆ మాస్టారి కథ వింటే ఇంకా చిత్రంగా ఉంటుంది. సెర్గేయ్ రచీన్‌స్కీ మాస్కో యూనివర్సిటీలో వృక్షశాస్త్రం ప్రొఫెసర్. డార్విన్ పరిణామ సిద్ధాంతం పుస్తకాన్ని మొట్టమొదట రష్యన్‌లోకి తెచ్చింది ఆయనే, 1864లో. రష్యా సంగీతకారుడు చైకోవ్‌స్కీ, నాలుగు తీగవాయిద్యాల కోసం రాసిన తన మొదటి స్ట్రింగ్ క్వార్టెట్‌ని 1871లో ఈయనకే అంకితమిచ్చాడు. అలాంటి సర్కిల్లో తిరిగే మనిషి ఉద్యోగం వదిలేసి సొంతూరు వెళ్లి, రైతుబిడ్డలకి ఎక్కాలూ ప్రార్థనలూ నేర్పుతూ కూర్చున్నాడు, 1902లో పోయేదాకా. డార్విన్‌ని అనువదించినాయన చివరికి మహా భక్తిపరుడు, చర్చి బళ్లే కావాలనేవాడు, ఊళ్లో తాగుడు మాన్పించడానికి సంఘం కూడా పెట్టాడు. ఆయన భావాలన్నీ నాకు నచ్చుతాయని చెప్పను. కానీ నోటి లెక్కల దగ్గర మాత్రం ఆయన పట్టుదలకి దండం పెట్టాల్సిందే, 1001 లెక్కలు కూర్చి పుస్తకమే వేశాడు. సంతలో గింజలు అమ్మేవాడి దగ్గరా, పొలంలో కూలి లెక్క చూసుకునేవాడి దగ్గరా కాగితం కలం ఎక్కడుంటాయి? నోట్లో లెక్క లేకపోతే ఎదుటివాడు ఎంతంటే అంత. చదువుకున్నవాడు లెక్క తప్పితే దిద్దుకుంటాడు, చదువులేనివాడు లెక్క తప్పితే ఆ ఏడాది పంటే పోతుంది.

ఇప్పుడు బొమ్మలోకి మళ్లీ చూడండి. పిల్లలెవరూ బెంచీల మీద వరసగా కూర్చుని లేరు. చేతులు కట్టుకుని "ఎస్ సార్" అనేవాళ్లు లేరు. మాస్టారు బోర్డు దగ్గర నిలబడి పాఠం దంచట్లేదు, అసలు ఆయన లేవనే లేదు, పిల్లలే నిలబడ్డారు. మాస్టారు కూర్చుని పిల్లలు నిలబడితే మన దగ్గర అది పనిష్‌మెంటు, ఇక్కడ మాత్రం ఎవడి మొహంలోనూ భయం లేదు. బెత్తం లేదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ చెవిలో చెప్పడం. జవాబు వచ్చినవాడు గట్టిగా అరిచి మిగతావాళ్ల లెక్క పాడు చెయ్యకూడదు, అందుకని దగ్గరికొచ్చి గుసగుసగా చెప్తున్నాడు. ఆయన తల వంచి వింటున్నాడు. అది కరెక్టో కాదో మనకి తెలియదు, ఆయన మొహం చూస్తే కూడా తెలియదు. మా స్కూల్లో నోటి లెక్కల పీరియడ్ ఇలా ఉండేది కాదు. ముందు చెయ్యెత్తినవాళ్లు ముందు బెంచీ, ఎత్తనివాళ్లు గోడకుర్చీ. చెయ్యెత్తడమే ముఖ్యం కాబట్టి సగంమంది లెక్క చెయ్యకుండానే ఎత్తేవాళ్లు, మాస్టారు తమని అడగరనే ధైర్యంతో.

ఇలాంటి క్లాసు ఆ కాలంలో మామూలు అనుకుంటే పొరపాటే. 1897లో రష్యా సామ్రాజ్యం అంతటికీ మొదటిసారి జనాభా లెక్కలు తీశారు, ఈ బొమ్మ వేసిన రెండేళ్లకి. చదవడం వచ్చినవాళ్లు నూటికి 21 మంది. పల్లెల్లో ఇంకా తక్కువ, పల్లెటూరి ఆడవాళ్లలో మరీ తక్కువ. బొమ్మలో ఒక్క ఆడపిల్ల లేదు, గమనించారా? మనం ఏమన్నా గొప్పా అంటే అదీ లేదు, 1901 లెక్కల్లో మన దేశంలో అక్షరం వచ్చినవాళ్లు నూటికి అయిదారుగురు. "ఆ రోజుల్లో పిల్లలు" అనే మాటలో నూటికి ఎనభై, తొంభై మంది పిల్లలు లేనే లేరు. వాళ్లు ఆ టైముకి పశువుల దగ్గర ఉన్నారు.

ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు ఎవరంటే ఆ బొమ్మ వేసినాయనే. బొగ్దానోవ్-బేల్‌స్కీ 1868లో ఒక పేద కూలీ స్త్రీకి పెళ్లి కాకుండా పుట్టినవాడు. అప్పట్లో అలాంటి పిల్లల బతుకు ఎలా ఉండేదో నేను చెప్పక్కర్లేదు. పశువులు కాసుకునే ఆ కుర్రాడు ఎలాగో తాతెవో బళ్లో పడ్డాడు. రచీన్‌స్కీ వాడి చేతిలో బొమ్మలు గీసే గుణం కనిపెట్టి ముందు దేవుడి పటాలు వేసే మఠానికి, తర్వాత మాస్కో ఆర్ట్ స్కూలుకి పంపించాడు. ఆ తర్వాత రష్యా పెద్ద చిత్రకారుడు రేపిన్ అంతటివాడి దగ్గర నేర్చుకున్నాడు. అంటే ఆ నల్లబల్ల ముందు ఒకప్పుడు ఈయనా నిలబడ్డవాడే. మాస్టారిని అంత ముచ్చటగా, పిల్లలని అంత మర్యాదగా వేశాడంటే ఊరికే కాదు. ఇది కాలం మీద బెంగతో వేసిన బొమ్మ కాదు, ఒక మనిషికి తీర్చుకున్న ఋణం.

దీనికి జోడీగా ఇంకో బొమ్మ ఉంది, అది ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. 'బడి గుమ్మం దగ్గర', 1897, సెయింట్ పీటర్స్‌బర్గ్ రష్యన్ మ్యూజియంలో ఉంది. ఒక కుర్రాడు మనకి వీపు పెట్టి నిలబడి ఉంటాడు. ఒంటి మీద చిరుగులు పడ్డ బట్టలు, భుజానికి సంచి, చేతిలో కర్ర, కాళ్లకి అవే నారచెప్పులు. గుమ్మం దగ్గర ఆగి లోపలికి చూస్తుంటాడు, లోపల పిల్లలు బల్లల దగ్గర కూర్చుని తలలు వంచుకుని చదువుకుంటుంటారు. వాడి మొహం మనకి కనపడదు. ఆ కుర్రాడు బొగ్దానోవ్-బేల్‌స్కీయేనని చాలామంది అనేమాట. మొదటి బొమ్మలో గదిలోపల ఉండి చూపించాడు, రెండో బొమ్మలో గుమ్మం బయటికొచ్చి నిలబడ్డాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టకుండా మొదటిది ఒక్కటే చూడటం సగం కథ వినడమే.

ఈ రెండోది మా అమ్మకి చూపించాను. అమ్మ ఐదో తరగతితో ఆపేసింది, ఆపేసిందంటే ఆపేశారు, హైస్కూలు కాలవ అవతల ఊళ్లో ఉండేది, వయసొచ్చే పిల్లని బల్లకట్టు మీద ఎలా పంపుతామన్నారట. మా మావయ్యలిద్దరూ మాత్రం అదే బల్లకట్టెక్కి వెళ్లారు. అందులో చిన్నాయనే మనకి "ఆ రోజుల్లో పిల్లలు" అని మెసేజీలు పెట్టేది. అమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ ఫోన్ చేతికి తీసుకోకుండానే తొంగి చూసి, "ఈ పిల్లాడు లోపలికెళ్లాడా లేదా ఇంతకీ?" అనడిగింది.

"వెళ్లాడమ్మా, ఈ బొమ్మ వేసింది వాడే."

"అయితే పర్లేదులే" అంది. అని, వెంటనే పాలబ్బాయి లెక్క ఎత్తింది. లీటరున్నర చొప్పున, మూడు రోజులు రాలేదు, ఇరవై ఏడు రోజులు, లీటరు అరవై నాలుగు. నేను ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచేలోపల "నలభై లీటర్లకి రెండువేల ఐదొందల అరవై, అరలీటరుకి ముప్పై రెండు, రెండువేల ఐదొందల తొంభై రెండు. అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వకు" అని తేల్చేసింది. రచీన్‌స్కీ గారు ఉంటే చెవి ఒగ్గి వినేవారు.

మన పాత బళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రష్యా బడి చూసి మన వీధిబడి గుర్తు చేసుకుని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. 1823లో బళ్లారి కలెక్టరుగా ఉన్న ఎ. డి. క్యాంప్‌బెల్, అంతకుముందే 1816లో తెలుగు వ్యాకరణం అచ్చేసినాయనే, తన జిల్లాలో తెలుగు, కన్నడ బళ్లు ఎలా నడుస్తున్నాయో మద్రాసు ప్రభుత్వానికి వివరంగా రాసి పంపాడు. అందులో ఒక పద్ధతి చెప్తాడు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెచ్చుకోలూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అలా వచ్చేకొద్దీ ఒక్కొక్కటి పెరుగుతుంది. ఇరవయ్యో వాడి గతి మీరే లెక్క వేసుకోండి, నోటితోనే. బద్ధకస్తుల్ని రెండు చేతులూ కట్టి కప్పుకి వేలాడదీసేవారని, మనం కోదండం అనేది అదే, గుంజీలు తీయించేవారని కూడా రాశాడు.

అదే రిపోర్టులో మెచ్చుకున్నవీ ఉన్నాయి. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి చెప్పడం, తక్కువ ఖర్చులో జరిగిపోవడం ఆయనకి బాగా నచ్చాయి. జనం పేదవాళ్లైపోయి చాలామంది పిల్లల్ని పంపలేకపోతున్నారని, బళ్లు మూతపడుతున్నాయని బాధపడ్డాడు కూడా. మంచీ చెడ్డా రెండూ రాశాడు. మనం మాత్రం ఇసకా, పలకా, బలపం, వేపచెట్టు నీడా ఉంచుకుని కోదండం మాత్రం నవ్వుతూ చెప్పుకునే జ్ఞాపకంలా మార్చేసుకున్నాం. "మా మాస్టారు కొట్టబట్టే ఇంతవాళ్లమయ్యాం" అనేవాళ్లు ప్రతి పెళ్లిలోనూ ఒకరుంటారు. కొడితే బడి మానేసినవాళ్లు ఆ పెళ్లికి వంట చెయ్యడానికి వచ్చి ఉంటారు, వాళ్లని ఎవరూ అడగరు.

మళ్లీ బొమ్మ దగ్గరికి. విప్లవం తర్వాత బొగ్దానోవ్-బేల్‌స్కీ రష్యాలో ఉండలేదు. 1921లో లాత్వియా వెళ్లి రీగాలో స్థిరపడ్డాడు. అక్కడ ఏం వేశాడనుకున్నారు? పల్లెటూరి పిల్లల్నే. లాత్వియా పల్లెల పిల్లలు, ఎండలో, చెట్ల కింద, పుస్తకాలతో, వాయిద్యాలతో. ఆ బొమ్మలు చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది, నిజం చెప్పాలంటే. రంగులు బ్రహ్మాండం, వెలుగు బ్రహ్మాండం, పిల్లలు మరీ ముద్దుగా ఉంటారు. తాతెవో బొమ్మల్లో ఉన్న ఆలోచన, ఆ ఆకలి వాటిలో నాకు దొరకదు. వదిలొచ్చిన ఊరు మనసులో ఏటికేడూ అందంగా తయారవుతుంది కదా, అమెరికా వెళ్లిన మనవాళ్లు సంక్రాంతి గురించి రాసేది చదివితే తెలియట్లేదా. నన్నడిగితే ఆయన అసలైన జ్ఞాపకాల బొమ్మలు అవి, మనం ఫార్వర్డ్ చేసుకునేది కాదు. 1945 ఫిబ్రవరిలో, యుద్ధం ముగింపుకొస్తుండగా, బెర్లిన్‌లో పోయాడు.

నోటి లెక్కల బొమ్మ మాత్రం ఆయన్ని దాటి ఎక్కడికెక్కడికో వెళ్లింది. సోవియట్ పిల్లలకి లెక్కల్ని కథల్లా చెప్పిన పెరల్మాన్ దీన్ని పట్టుకుని, ఈ బొమ్మ చూసినవాళ్లు చాలామంది గానీ బోర్డు మీద ఉన్న లెక్క పట్టించుకున్నవాళ్లు తక్కువ అని రాశాడు. మన తరంలో చాలామందికి రష్యన్ పుస్తకాలు తెలుగులో చవగ్గా దొరికేవి, అలా పెరల్మాన్ పేరు కొందరికి గుర్తుండొచ్చు. ఆయన వేసిన ప్రశ్న ఇది: వరసగా ఐదు అంకెల్లో మొదటి మూడింటి వర్గాలు కూడితే చివరి రెండింటి వర్గాలకి సమానమయ్యేవి 10 నుంచి 14 కాకుండా ఇంకేమన్నా ఉన్నాయా? సమీకరణం రాస్తే ఇంకొకటే వస్తుంది, –2, –1, 0, 1, 2. అంతే, మూడోది లేదు.

ఇది చెప్తే మా మేనకోడలు ఊరుకోలేదు. "ఐదు అంకెలకే ఎందుకు ఆగాలి అత్తా? 3, 4, 5 మూడంకెలు కదా, తొమ్మిదీ పదహారూ కలిపితే ఇరవై అయిదు, అదీ ఇదే ఫ్యామిలీ. అయితే ఏడంకెలకి కూడా ఉండాలి" అని నోట్‌బుక్ తెచ్చుకుని కూర్చుంది. అన్నం చల్లారిపోయాక లేచింది. 21, 22, 23, 24 వర్గాలు ఒకవైపు, 25, 26, 27 వర్గాలు ఇంకోవైపు, రెండూ 2030. మొదటి అంకెలు 3, 10, 21 కదా, వాటి మధ్య తేడాలు ఏడు, పదకొండు, తర్వాతది పదిహేను అయి ఉంటుంది, అప్పుడు 36 నుంచి మొదలవ్వాలి అంది. కూడి చూశాం, 36 నుంచి 40 దాకా 7230, 41 నుంచి 44 దాకా కూడా 7230. దీన్ని గ్రూపులో పెడితే చినమామయ్య ఇంకా చూడలేదు, లేదా చూసి కూడుతున్నాడు.